తీగ మీది ఉత్తరాలు, కట్టల మాస్టారి పెన్సిలు

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం జూలై నెల పదకొండో తేదీ, సోమవారం ఉదయం, ఇరవై నాలుగేళ్ల యువకుడొకరు మన కార్యాలయం మెట్లెక్కి, ప్రైవేటు పత్రాల విభాగంలో సహాయకులుగా చేరుతూ హాజరుపట్టీలో తొలి సంతకం చేశారు. ఆ పట్టీ ఇప్పటికీ మన దగ్గర భద్రంగా ఉంది. మనం దేన్ని పారేశాం గనుక! ఆ సంతకం రెండు గడులను ఆక్రమించి, మూడో గడిలోకి తోక చాచి, కింద రెండు గీతలతో మహా దర్జాగా ఉంటుంది. ముప్ఫై ఆరేళ్ల నిర్విరామ సేవానంతరం, ఉపసంచాలకుల హోదాలో ఈ నెల ముప్ఫై ఒకటిన పదవీ విరమణ చేయనున్న ఆ పెద్దమనిషి సంతకం ఇప్పుడు ఒక్క గడిలో, అదీ సగంలో, ఒద్దికగా ఇమిడిపోతుంది. ఆ సంతకం అంతగా ఎందుకు తగ్గిందో నాకు ఈ సంవత్సరమే తెలిసింది. అదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

నేను మరమ్మతు గదిలో చిరిగిన కాగితాలు అతికే మనిషిని. వారితో కలిసి ముప్ఫై ఏళ్లు పనిచేసినందున ఈ అభినందన వ్యాసం రాసే భాగ్యం నాకు దక్కింది. వీడ్కోలు సంచిక సంపాదకవర్గం వారు నాకు మూడు షరతులు పెట్టారు: రెండు పేజీలు మించకూడదు, పాఠకులను ఏడిపించకూడదు, ఎవరినీ తిట్టకూడదు. మొదటిది ఇప్పుడే వదిలేస్తున్నాను. మూడోదాని విషయంలో, నన్ను నేను తిట్టుకోవడానికి అభ్యంతరం ఉండదనే అనుకుంటాను.

మన భవనం ముఖద్వారం మీద 'పురాభిలేఖాలయం' అని ఇత్తడి అక్షరాలున్నా, ఊళ్లో అందరికీ ఇది పాత కాగితాల ఆఫీసే. అందులోనూ ప్రైవేటు పత్రాల విభాగమంటే ఒకప్పుడు మనవాళ్లకే చిన్నచూపు. ప్రభుత్వ దస్త్రాలున్నవారు పై అంతస్తులో ఫ్యాన్ల కింద కూర్చుంటే, ఇతరుల ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు, దినచర్యలు, పెళ్లి ఫొటోలు కింది అంతస్తులో ఉత్తర దిక్కు గదిలో, కిటికీకి ఒక రెక్క లేని చోట ఉండేవి. అట్టి విభాగాన్ని, దేశదేశాల చరిత్రకారులు ముందుగా ఉత్తరం రాసి తేదీ ఖరారు చేసుకుని మరీ వచ్చే స్థాయికి తీసుకువచ్చిన ఘనత నిస్సందేహంగా మాస్టారిదే. ఆయన ఎన్నడూ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. కొత్తగా చేరిన ప్రతివారికీ కాగితాల కట్ట ఎలా కట్టాలో, ముడి పక్కకు ఎందుకు రావాలో, పైన ఎందుకు ఉండకూడదో విసుగు లేకుండా నేర్పి నేర్పి కట్టల మాస్టారయ్యారు. సంచాలకుల వారి నుంచి గేటు దగ్గరి కాపలాదారు దాకా అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు.

వారి కీర్తికి మూలమైన పని పంతొమ్మిది వందల తొంభై ఒకటిలో ఆరంభమైంది. మన దేశానికి పాతికేళ్లకు పైగా పలు రాజధానులలో రాయబారిగా పనిచేసి, తీరిక దొరికినప్పుడల్లా ప్రాచీన శాసనాలు చదివి, వాటిపై ప్రామాణిక గ్రంథాలు రచించిన ఒక పండితుడు తన అక్కగారికి రాసిన ఎనిమిది వందల పన్నెండు సొంత ఉత్తరాలు ఆ ఏడు మన దగ్గరకు చేరాయి. రాయబారి గారు అప్పటికే గతించారు. తల్లి లేని ఆయన ఏకైక కుమార్తెను పెంచింది ఆ అక్కగారే. ఆమె కూడా కాలం చేయగా, పిల్లల వైద్యురాలైన ఆ కుమార్తె ఇల్లు ఖాళీ చేస్తూ ఆ ఉత్తరాలను తెచ్చి మాస్టారి చేతిలో పెట్టారు. మనమంతా ఆమెను డాక్టరమ్మ అంటాం.

ఒక దౌత్యవేత్త ఇంటికి రాసుకున్న ఉత్తరాలతో దేశ చరిత్రకేం పని అని ఆ రోజుల్లో అడగనివారు లేరు. శిక్షణకు వచ్చిన యువ అధికారుల ఎదుట మాస్టారు ఇచ్చిన జవాబు నాకు కంఠతా వచ్చు. "ఫైల్లో నిర్ణయం ఉంటుందయ్యా. ఆ నిర్ణయానికి ముందు మనిషి పడ్డ గుంజాటన ఉత్తరంలో ఉంటుంది. ఎదుటి దేశం మంత్రి ఫలానా షరతుకు ఒప్పుకున్నాడని తంతి చెప్తుంది. ఒప్పుకునేటప్పుడు ఆయన కాఫీలో చక్కెర వేసుకోవడం మర్చిపోయాడని ఉత్తరం చెప్తుంది. అలాగని ఉత్తరాన్ని గుడ్డిగా నమ్మకండి. అక్కకు రాసేవాడు తన ఒంట్లో ఎలా ఉందో మాత్రం నిజం చెప్పడు." ఒక అధికారి లేచి, మరి పై అధికారికి రాసేవాడి సంగతేమిటని అడిగితే, "వాడు ఒంట్లో బాగాలేదని తప్ప ఏదీ నిజం చెప్పడు" అన్నారు. ఆ పూట శిక్షణ తరగతి అరగంట ఆలస్యంగా ముగిసింది.

నేను తొంభై నాలుగులో చేరాను. తొంభై ఏడులో ఆ రాయబారి గారి ఉత్తరాలు మరమ్మతుకు నా బల్ల మీదికి వచ్చాయి. రెండు వేల మూడు వందల పైచిలుకు కాగితాలు, ప్రతి దానికీ తుప్పు అంచులతో నాలుగేసి చిల్లులు. పలుచని కాగితమూ గంజి జిగురూ పెట్టి, పద్నాలుగు నెలలు కళ్లలో వత్తులు వేసుకుని, వేలితో తడిమినా తెలియనంత నున్నగా వాటన్నిటినీ పూడ్చాను. పని ముగిసిన ఏడాది ఉత్తమ పనితనానికి నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అది మా ఇంటి గోడకు మొన్నటిదాకా వేలాడింది.

రెండు వేల ఒకటిలో మాస్టారి 'రాయబారి లేఖల వివరణాత్మక సూచిక' రెండు సంపుటాలుగా వెలువడింది. ఏ ఉత్తరం ఎప్పుడు రాసింది, ఎన్ని పేజీలు, ఎవరి ప్రస్తావన ఉంది, సమాచారమంతా అందులో ఉంది. ఆ కాలపు దౌత్యం మీద పుస్తకం రాసిన వారెవరూ ఆ సూచికను ఉదహరించకుండా రాయలేదు. రెండు వేల మూడులో వారు విభాగాధిపతి అయ్యారు. రెండు వేల తొమ్మిది వానల్లో ఉత్తర దిక్కు గదిలోకి నీళ్లు చేరినప్పుడు, నాలుగు వందల పెట్టెలను ఒక్క పూటలో పై అంతస్తుకు చేర్పించి, తాము మాత్రం తడిసి పదిహేను రోజులు మంచం పట్టారు. రెండు వేల పదిహేనులో ఉపసంచాలకులైనా, పై అంతస్తులో కేటాయించిన గదికి తాళం వేసి, కింది గదిలోనే కూర్చున్నారు.

ఇక ఆ పెన్సిలు సంగతి. మన దగ్గర పనిచేసిన వారెవరూ దాన్ని మరచిపోలేరు. ఏ ఇంటి నుంచి ఏ కట్ట వచ్చినా, దారం విప్పకముందే, ఉన్నది ఉన్నట్టుగా ప్రతి కాగితం మూలన మెత్తని పెన్సిలుతో వరుస సంఖ్య వేసి తీరాలి. "ముందు పెన్సిలు, తర్వాత చెయ్యి" అనేది వారి శాసనం. ఒకసారి కొత్తగా చేరిన సహాయకురాలు సంఖ్య వేయకుండా ఒక కట్ట విప్పిందని, ఎన్నడూ గొంతు పెంచని మనిషి గది అదిరేలా అరిచారు. ఆ అమ్మాయి సరే, మేమంతా నోరెళ్లబెట్టాం. తర్వాత ఆయనే వెళ్లి ఆ అమ్మాయికి టీ తెప్పించి, ఎదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా తాగించి వచ్చారు. వారి శ్రీమతి గారి మాటల్లో చెప్పాలంటే, "ఇంటికి సున్నం వేయించేటప్పుడు వంటింటి డబ్బాలన్నిటికీ నంబర్లు వేశారమ్మా. ఉప్పు పద్నాలుగు, పంచదార పదిహేను. ఇంకా నయం, నాకు వేయలేదు." చాదస్తం అని మేమూ వెనక నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఈ సంవత్సరం మార్చి మూడో వారంలో డాక్టరమ్మ వచ్చారు. డెబ్భై ఏళ్ల మనిషి, చేతిలో ఒక పత్రిక. నేను ఏవో కాగితాలు ఇవ్వడానికి మాస్టారి గదిలోనే ఉన్నాను. పత్రిక బల్ల మీద పడేసి, ఆమె కూర్చోకుండానే అడిగారు.

"ఇది చదివారా మీరు?"

"చదివానమ్మా."

"మా నాన్న దేశాన్ని అమ్మేశాడని రాశాడండీ ఆ ప్రొఫెసరు! ఏ ఆధారంతో? మీ పుస్తకం ఆధారంతో. ఇన్నో నంబరు ఉత్తరం, రెండో పేజీ అని వేలు పెట్టి చూపించాడు."

విషయమిది. అరవై రెండేళ్ల కిందట పొరుగు దేశంతో నదీజలాల ఒప్పందం మీద జరిగిన చర్చలకు మన తరఫున వెళ్లింది ఈ రాయబారి గారే. మన దేశం కోరుతూ వచ్చిన మూడో షరతును వదులుకోవచ్చని రాజధాని నుంచి ఆయనకు ఆదేశం వెళ్లింది నవంబరు పదహారున. కానీ పన్నెండో తేదీ వేసి అక్కకు రాసిన ఉత్తరంలో మొదటి పేజీ "ఇక మూడో షరతు సంగతంటావా," అని ముగుస్తుంది. రెండో పేజీ "వదులుకున్నాం అక్కయ్యా, సంతకం ఒక్కటే మిగిలింది" అని మొదలవుతుంది. అంటే ఆదేశం రావడానికి నాలుగు రోజుల ముందే, ఎవరికీ చెప్పకుండా, ఆయన ఆ షరతును ఎదుటివారికి ధారపోశారన్నమాట. యువ చరిత్ర ప్రొఫెసరు రాసింది ఇదే. అంతకుముందు ఎవరూ ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"అత్తయ్య ఒక్కో ఉత్తరం రెండేసి సార్లు చదివేది" అన్నారు డాక్టరమ్మ. "చదివి, వచ్చిన మడత వచ్చినట్టే పెట్టి, తలుపు వెనక తీగకు గుచ్చేది. ఒక్కటి పారేయలేదు. అంత భద్రంగా దాచింది మా నాన్నను బోనెక్కించడానికా? నాకు రాసిచ్చిన కాగితం ప్రకారం, నేను బతికుండగా నెల రోజుల గడువిచ్చి వెనక్కి తీసుకోవచ్చు. ఇదిగో నోటీసు. ఏప్రిల్ ఇరవైకి వస్తాను. పెరట్లో కుప్పపోసి నా చేతులతో నేనే అగ్గిపుల్ల గీస్తాను. పీడ విరగడైపోతుంది."

తీగ అన్న మాట దగ్గరే మాస్టారి ముఖం పాలిపోవడం నేను చూశాను.

మర్నాడు ఉదయమే మరమ్మతు గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"చెల్లెమ్మా, రాయబారి గారి ఉత్తరాలకు నువ్వు పూడ్చిన చిల్లులు గుర్తున్నాయా?"

"గుర్తుండకేం? ప్రశంసాపత్రం ఇచ్చారు కదా."

"అవి తుప్పు తిన్న చిల్లులు కాదమ్మా. తీగ చిల్లులు."

అప్పుడు చెప్పారు. తొంభై ఒకటిలో ఆ ఉత్తరాలు ఇక్కడికి వచ్చినప్పుడు రెండు పొడవాటి తీగలకు గుచ్చి ఉన్నాయి. తీగ తుప్పు కాగితాన్ని తినేస్తోంది గనుక తీసేయడం న్యాయమే. కానీ తీసేముందు సంఖ్యలు వేయాలి. అప్పటి అధికారి ప్రదర్శన ఒకటి ఉందని తొందరపెడితే, ఉద్యోగంలో చేరి మూడేళ్లయిన మన మాస్టారు, అంతటి దర్జా సంతకం గల మాస్టారు, సంఖ్యలు వేయకుండానే ఒక్క మధ్యాహ్నంలో అన్నిటినీ లాగేసి, విప్పి, సాపు చేయడానికి బరువుల కింద పెట్టేశారు. రాయబారి గారు మొదటి పేజీ మీద తప్ప తేదీ వేయరు. పేజీల సంఖ్య అసలే వేయరు. మూడో రోజున బరువులు తీసి చూస్తే, ఏ రెండో పేజీ ఏ ఉత్తరానిదో చెప్పగల నరమానవుడు లేడు. కాగితం రంగు, సిరా, వాక్యం పొత్తు చూసి ఏడాది పాటు అమర్చారు. తీగలు చెత్తలోకి పోయాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

నాకు ఒళ్లు మండింది. "ముప్ఫై మూడేళ్లు నోట్లో ఏం పెట్టుకు కూర్చున్నారు మాస్టారూ?" అనేశాను.

"భయం పెట్టుకు కూర్చున్నాను" అన్నారాయన. "సరిగ్గానే అమర్చానని నాకు నేను చెప్పుకున్నాను. సరిచూసే దారి లేదు కదా అని కూడా చెప్పుకున్నాను. నిన్న ఆవిడ మడత మాట అనేసరికి దారి కనబడింది. ఒక ఉత్తరంలోని పేజీలన్నీ ఒక్క మడతలో ఉండగా తీగ గుచ్చుకుంది. మళ్లీ అలాగే మడిస్తే ఆ పేజీల చిల్లులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. వేరే ఉత్తరం పేజీ అయితే పడవు. సూది దిగదు."

ఎంత తేలికైన పరీక్షో చూడండి! చిల్లులుంటే ఐదు నిమిషాల పని. ఆ చిల్లుల్ని పూడ్చిన పుణ్యాత్మురాలిని నేనే. అంచు కూడా కనబడకుండా పూడ్చాను మరి. ఆయన విప్పిన క్రమానికి మిగిలిన ఒకే ఒక్క ఆనవాలును, ప్రశంసాపత్రం పుచ్చుకుని మరీ చెరిపేశాను. తల కొట్టేసినట్టయింది. అప్పటిదాకా ఆయన మీదున్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు.

సంచాలకుల వారు సహృదయులు, పైగా ఈ వ్యాసం చదువుతారు. అయినా జరిగింది చెప్పక తప్పదు. మాస్టారు వెళ్లి తప్పు ఒప్పుకుంటే ఆయన తలపట్టుకుని, "ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. సన్మానం పెట్టుకున్నాం. ఉత్తరాలు ఆవిడవి, ఆవిడకిచ్చేద్దాం. ఎవరికీ తెలియని సంగతి ఇప్పుడెందుకు తవ్వుకోవడం మాస్టారూ?" అన్నారు. "ఎవరికీ తెలియదని ఎలా అంటారండీ? నాకు తెలుసు" అన్నారు మాస్టారు. సంచాలకుల వారు డాక్టరమ్మ నోటీసును సొరుగులో పెట్టి, "సరే, కానివ్వండి" అన్నారు. ఆ మాటకు నేను ఆయనకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

ప్రొఫెసరును కూడా మాస్టారే పిలిపించారు. నాకు ఆ అబ్బాయి మీద అకారణంగా మంట. రాగానే నాలుగు దులుపుదామని కూర్చున్నాను. అతను చేతులు కట్టుకుని, "నేను మీ సూచికను నమ్మాను సార్. ఈ దేశంలో అందరం అదే చదువుకున్నాం. నమ్మడం తప్పా?" అన్నాడు. "నమ్మడం తప్పు కాదు బాబూ. నమ్మినవాణ్ణి ముంచడం తప్పు. అది నాది" అన్నారు మాస్టారు. దులుపుదామనుకున్న దాన్ని లేచి ఆ అబ్బాయికి టీ తెప్పించాను.

ఇక పని మొదలైంది. పన్నెండో తేదీ ఉత్తరం రెండు కాగితాలనూ బల్ల మీద పరిచి, ఇరవై ఏడేళ్ల కిందటి నా అతుకుల్ని సన్నని కుంచెతో తడిపి, జిగురు నానేదాకా ఆగి, పలుచని చెక్క కత్తితో ఒక్కొక్కటీ లేపాను. నా చేతి పనిని నా చేత్తోనే విప్పుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. రెండూ ఆరాక, పాత మడతల వెంబడే మడిచి, ఒకదానిలో ఒకటి ఇమిడ్చి, మాస్టారు సూది అందుకున్నారు. దిగలేదు. బొటనవేలి వెడల్పంత తేడా.

"వదులుకున్నాం" అన్న పేజీ పన్నెండో తేదీది కాదు! కాకపోతే మరి ఎప్పటిది? సంతకాలు జరిగిన ఇరవై నాలుగు దాకా ఉన్న ఉత్తరాలన్నిటినీ విప్పుకుంటూ పోయాం. ఇరవై ఒకటో తేదీది సూచికలో 'ఒక పేజీ' అని ఉంది. దాని చివరి వాక్యం "నాకైతే ఏ మాత్రం ఇష్టం లేదు." పూర్తయిన వాక్యమే గనుక మరో పేజీ ఉండవచ్చని ఎవరికీ తోచలేదు. రెండూ కలిపి మడిచి సూది పెడితే, ఎనిమిది పొరల్లోంచి వెన్నలోకి దిగినట్టు దిగింది. అంటే ఆ మాట రాసింది ఇరవై ఒకటిన, ఆదేశం వచ్చిన ఐదు రోజులకు. నేను గట్టిగా కేకేసి, పక్క గదిలోవాళ్లను పరుగెత్తించాను.

మాస్టారు మాత్రం లేవలేదు. "పన్నెండో తేదీ ఉత్తరం మధ్యలో తెగిపోయి ఉంది చెల్లెమ్మా. దాని అసలు రెండో పేజీ ఎక్కడో ఉంది. అది దొరికేదాకా ఇది సగం జవాబే" అన్నారు. తేదీ లేని ఇంటి విషయాలన్నీ వేసిన పెట్టె ఒకటుంది. అందులో అరవై మూడు కాగితాలు. రోజుకు ఏడెనిమిది చొప్పున విప్పుతూ వచ్చాం. నోటీసు గడువుకు నాలుగు రోజుల ముందు, నలభై ఏడో కాగితానికి సూది దిగింది.

మర్నాడు మాస్టారు కబురుపెడితే డాక్టరమ్మ వచ్చారు. సంచాలకుల వారు, ప్రొఫెసరు, నేను, బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. దొరికినది ముందు చూపించి తర్వాత నిదానంగా తప్పు ఒప్పుకోవచ్చని నేను నచ్చజెప్పాను. ఆయన వినలేదు. నిలబడి, తీగ సంగతి మొదలు నుంచి చెప్పి, "మీ నాన్నగారి మీద పడ్డ నింద ఆయన చేసినదానికి కాదమ్మా, నేను చేసినదానికి. మీరు ఏమన్నా పడతాను" అన్నారు. డాక్టరమ్మ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నారు. ఆ తర్వాత ఆయన రెండు ఉత్తరాలనూ ఆమె ముందే మడిచి, సూదిని ఆమె చేతికే ఇచ్చారు. ఆమె రెండుసార్లు దించి చూసుకున్నారు. డాక్టరు చెయ్యి కదా, తొణకలేదు.

అప్పుడు పన్నెండో తేదీ ఉత్తరం అసలు రెండో పేజీని విప్పి పెట్టారు. "ఇక మూడో షరతు సంగతంటావా," తర్వాతి మాటలు ఇవి:

"దాని ఊసెత్తకు. వదలమంటారో పట్టుకోమంటారో నాకే ఇంకా తెలియదు, కబురు కోసం కూర్చున్నాను. చంటిదాని పన్ను ఊగుతోందని రాశావు. ఊడితే పడేయవద్దని చెప్పు. నేను వచ్చి చూడాలి. ఇక్కడ పొద్దస్తమానం పెద్దవాళ్ల పళ్లు చూసి చూసి విసుగెత్తింది."

డాక్టరమ్మ ఆ కాగితం మీదికి వంగి మళ్లీ మొదటి నుంచి చదివారు. ప్రొఫెసరు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"అత్తయ్య నాకు చెప్పింది" అన్నారు చివరికి. "నాన్న పన్ను పడేయవద్దన్నాడే, వచ్చి చూస్తాడట అని. నేను నమ్మలేదండీ. నేను ఏడుస్తున్నానని, ఊరుకోబెట్టడానికి అల్లి చెప్పిందనుకున్నాను. నాన్న ఇలా అన్నాడు, నాన్న అలా అన్నాడు అని ఎన్ని చెప్పేదో. ఉత్తరాలు నా చేతికి ఇచ్చేది కాదు, పెద్దవాళ్ల సంగతులుంటాయని. ఆయనకు నేను గుర్తుంటానా అనుకునేదాన్ని. ఆ తీగలు మీకు ఇచ్చేటప్పుడు కూడా విప్పి చూడలేదు. చూస్తే అందులో నేను ఉండనేమోనని."

ఆమె కళ్లు తుడుచుకుని, సంచాలకుల వారితో, "ఆ నోటీసు ఒకసారి ఇటివ్వండి" అన్నారు. తీసుకుని నిలువునా, అడ్డంగా చింపి, ఆ ముక్కలు నా చేతిలో పోసి, "మీ చేతి పని చూశాను. దయచేసి దీన్ని మాత్రం అతికించకండి" అన్నారు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "ఉత్తరాలు ఇక్కడే ఉండనివ్వండి. కానీ అన్నీ సరిచేయాలి. నా గురించి రాసినవన్నీ నేను చదువుకోవాలి, వరుసలో" అన్నారు.

అదే వారం మాస్టారు మన దగ్గరున్న తన సూచిక ప్రతి కాపీలోనూ మొదటి పేజీకి ఒక చీటీ అంటించారు. "ఈ సంపుటాలలోని పేజీల క్రమాన్ని నమ్మవద్దు. అసలు క్రమాన్ని చెడగొట్టినది నేను. సరిచేస్తున్నాము" అని ఉంటుంది, కింద సంతకం. అరగడిలో ఇమిడే ఆ చిన్న సంతకమే. చీటీలు అంటించిన రోజున వారు సంతోషంగా టీ తాగుతూ కనిపించారు. ప్రొఫెసరు తన రెండో వ్యాసాన్ని క్షమాపణతోనే ఆరంభించి, తీగ చిల్లులను చారిత్రక ఆధారంగా ఎలా చదవవచ్చో అందులో వివరించాడు. ఇప్పుడు ఇతర అభిలేఖాలయాల వారు మాకు రాసి ఆ పద్ధతి అడుగుతున్నారు. మేము తప్పుచేసి నేర్చుకున్నామని జవాబు రాస్తున్నాం. నా ప్రశంసాపత్రం గోడ దిగింది. ఆ మేకుకు డాక్టరమ్మ ఇచ్చిన రాయబారి గారి ఫొటో తగిలించాను.

ఇంతవరకు మూడు వందల ఆరు ఉత్తరాలు సరిచూశాం. పంతొమ్మిది కాగితాలు మాత్రమే తప్పు చోట ఉన్నాయి. చెదిరిపోయిన కుప్పను కంటిచూపుతో, ఊహతో అమర్చిన మనిషికి అది ఓటమి కాదని మా అందరి అభిప్రాయం. ఆయన మాత్రం ఒప్పుకోరు. "పంతొమ్మిది అంటే పంతొమ్మిదే చెల్లెమ్మా" అంటారు. మిగతా ఐదు వందల ఆరు మావి. ఆనాడు చీవాట్లు తిన్న ఆ సహాయకురాలే ఇప్పుడు నా పక్కన కూర్చుని ప్రతి కాగితం మూలనా సంఖ్య వేస్తోంది. ఆమెకు మేము ఏమీ గుర్తుచేయనక్కర్లేదు.

మాస్టారూ, ముప్ఫై ఆరేళ్లు మా అందరి పనికీ వెన్నెముకగా నిలిచిన తమరు, సహధర్మచారిణి గారితోనూ, కుమార్తె, అల్లుడు, మనవలతోనూ నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో, చీకూచింతా లేకుండా వర్ధిల్లాలని ఈ కార్యాలయంలోని ప్రతి గది తరఫునా మనసారా కోరుకుంటున్నాను. వంటింటి డబ్బాల నంబర్లు మాత్రం ఇక చెరిపేయండి, అమ్మగారి విన్నపం. మాకు ఉత్తరాలు రాస్తూ ఉండండి. ఒంట్లో ఎలా ఉందో నిజమే రాయండి. ప్రతి పేజీకీ తేదీ వేయండి. వచ్చిన మడత వచ్చినట్టే ఉంచి, ముందు పెన్సిలుతో సంఖ్య వేసి, తర్వాతే దాచుకుంటాం. ఒకవేళ ఎప్పుడైనా ఏ కాగితానికైనా చిల్లు పడితే, నా మీద ఒట్టు, పూడ్చను.